ఎర్రావు పోయిన వానాకాలం

పొద్దున్నే జగ్దల్‌పూర్‌లోని మా వంటింట్లో పాల ప్యాకెట్టు మూల కత్తిరించగానే ఒక వాసన వస్తుంది. అందులో సగం చల్లటి పచ్చిపాలది, సగం తడిసిన ప్లాస్టిక్‌ది. అసలు వాసనే లేదంటుంది నా కూతురు. కోసిన మూల తెగి కింద పడకుండా ప్యాకెట్టుకే వేలాడేలా కోయడం నాకు అలవాటు. పాలు గిన్నెలోకి వంచాక ఆ ఖాళీ ప్యాకెట్టును కడిగి, ఆరబెట్టి, మడిచి, మూత ఉన్న డబ్బాలో దాస్తాను. ఆయిల్ ప్యాకెట్టయినా అంతే, పెరుగు ప్యాకెట్టయినా అంతే. "నీకింత చాదస్తం ఏంటమ్మా?" అని అది నవ్వితే నేనూ నవ్వి ఊరుకుంటాను. జవాబు చెప్పాలంటే మా ఊరి నుంచి మొదలుపెట్టాలి, పొద్దున స్కూలు బస్సు వచ్చేలోగా అది తేలే సంగతి కాదు.

మా ఊరు భోపాల్‌పట్నానికి అయిదారు మైళ్ల లోపల, ఇంద్రావతిలో కలిసే ఒక వాగుకు అవతలి గట్టున ఉంటుంది. భోపాల్‌పట్నాన్ని మేము ఉత్త పట్నం అనేవాళ్లం, మాకు తెలిసిన పట్నం అదొక్కటే కాబట్టి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పొలం గట్టు దాటితే దోర్లవాళ్ల గూడెంలో దోర్లీ, వారపు అంగట్లో ఈ మూడూ కలిసిన ఇంకేదో భాష మాట్లాడుతూ పెరిగాం. ఏ మాట ఏ భాషదో తెలియనట్టే ఏ రుచి ఎవరి ఇంటిదో కూడా మాకు తెలిసేది కాదు. ఎండలు ముదిరే వేళకు అడవంతా ఇప్పపువ్వు వాసన కమ్ముకునేది. పిల్లలం గంపలు చంకన పెట్టుకుని వెళ్లి, ఊడ్చిపెట్టిన నేల మీద మంచుబొట్లతో పాటు రాలిన పూలను ఏరుతూ, ఏరినవాటిలో సగం నోట్లో వేసుకుంటూ, ఆ మత్తు తీపికి పొద్దెక్కేసరికి చెట్ల కిందే కునికిపాట్లు పడేవాళ్లం. ఆ వెనక తునికాకు కోతలు, మొర్రిపండ్లు, తొలకరికి పుట్టగొడుగులు, వెదురు కొమ్ముల కూర. పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు ఎర్రరంగు పూసి, వాటి నోటికి అందించాకే మేము గారెలు ముట్టేవాళ్లం.

ఆ రోజుల్లో పారే వస్తువు ప్రతిదానికీ తనదంటూ ఒక పాత్ర ఉండేది. తేనె వెదురు బొంగులో, జీలుగుకల్లు మట్టి కుండలో, కిరసనాయిలు మొక్కజొన్న బెండు బిరడాగా పెట్టిన సీసాలో, పాలు మా అవ్వ, అంటే మా అమ్మ, చింతపండుతో తోమి తోమి తళతళలాడించిన కంచు చెంబులో. నూనె మాత్రం ఎండిన సొరకాయ బుర్రలో ఉండేది, అది కూడా ఇప్పనూనె. వానాకాలం మొదట్లో ఏరిన ఇప్పగింజలను పగలగొట్టి, పలుకులు ఎండబెట్టి దంచి, ఆవిరి మీద ఉడికించి, నార సంచుల్లో కట్టి, రెండు పెద్ద దుంగల మధ్య పెట్టి బిగిస్తే బొట్టు బొట్టుగా దిగే నూనె. చలికాలంలో అది బుర్రలోనే గడ్డకట్టి నెయ్యిలా తెల్లబడిపోయేది. అవ్వ బుర్రను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, అది కరిగేదాకా మమ్మల్ని కబుర్లలో పెట్టేది. ఆ నూనెకు ఘాటైన, కొంచెం చేదైన వాసన ఉండేది. మా జుట్టుకు, మా అన్నానికి, మా దుప్పట్లకు కూడా అదే వాసన.

ఊరందరికీ ఆ నూనె తీసి ఇచ్చేది గూడెంలోని ఐతక్క. ఆమెను మా బాపు, అంటే నాన్న, "అవ్వా" అని పిలిచేవాడు, ఊళ్లో పెద్దలు ఐతక్క అనేవారు, మేమూ వయసు చూడకుండా అలాగే అనేవాళ్లం. ఆమె ఇంటి వెనక పందిరి కింద ఉండేవి ఆ రెండు దుంగలు. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా, చెంప ఆనిస్తే చల్లగా ఉండేవి. గింజలు మోసుకెళ్లిన వాళ్లంతా పై దుంగ చివర ఎక్కి కూర్చునేవారు, బరువు కోసం. పిల్లల్ని కూడా ఎక్కించేది. మేము ఎక్కి ఊగుతుంటే కింద ధార కాస్త లావయ్యేది, ఐతక్క మెచ్చుకోలుగా తలాడించేది. నా బరువుకు కూడా ఒక విలువ ఉందని నాకు తెలిసింది అక్కడే.

మా బాపుకు ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఉప్పు, బెల్లం, అగ్గిపెట్టెలు, పొగాకు. ఒక ఏడు, పట్నం నుంచి సైకిలు మీద అట్టపెట్టె తెచ్చి విప్పితే అందులో మెత్తగా, మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి పడుకున్న నూనె ప్యాకెట్లు. ఒక్కోదాని మీద పసుపుపచ్చని పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. వాటిని మా వైపు జిల్లీ అంటారు, పల్చటి ప్లాస్టిక్‌కు అక్కడి హిందీలో ఉన్న మాట. బాపు ఒక ప్యాకెట్టును పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతుల్లో ఎత్తి అవ్వకు చూపించాడు.

"ఇగ సీసా పగుల్తదన్న రంధి లేదు. కల్తీ లేదు. సూడు, కింద ఏసినా ఏం గాదు" అని నిజంగానే కింద పడేశాడు. ఏమీ కాలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం.

చూడటానికి ఐతక్క కూడా వచ్చింది. ప్యాకెట్టును వేళ్లతో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, తిప్పి మళ్లీ వాసన చూసింది.

"దీనికి వాసనే లేదేంది కొడుకా? వాసన లేనిది నూనె ఎట్లయితది?"

బాపు నవ్వాడు. ఆమె కూడా నవ్వి, ఉప్పు తీసుకుని వెళ్లిపోయింది.

రెండు వానలు తిరిగేసరికి ఇప్పగింజలను దంచేవాళ్లు తగ్గిపోయారు. గింజలను అంగట్లో వ్యాపారికి పోసి, బాపు దగ్గరికి సీసాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. నిండు ప్యాకెట్టు కొనే స్తోమత అందరికీ లేదు. అందుకని బాపు మూల కత్తిరించి, కొలిచి, ఎవరి సీసాలో వాళ్లకు పోసేవాడు. ఖాళీ జిల్లీలను కొట్టు వెనక కంచె వైపు విసిరేసేవాడు. అది తప్పని ఎవరికీ తోచలేదు. మా ఊళ్లో అప్పటిదాకా పారేసిన ప్రతిదీ మట్టిలో కలిసిపోయేది. విస్తరాకు, కొబ్బరి చిప్ప, చిరిగిన గోనె, పగిలిన కుండ, ఏదైనా సరే రెండు వానలకు కనిపించకుండా పోయేది. ఇవి మాత్రం పోలేదు. వాటితో మాకు ఆటలు పుట్టాయి. ఊది, మూతి బిగించి కట్టి, కాలితో తొక్కి పేల్చేవాళ్లం. నీళ్లు నింపి, ముల్లుతో పొడిచి, ఆ సన్నటి ధారతో హోలీకి ఒకరినొకరు తడుపుకునేవాళ్లం. నేను వాటిలో అన్నం మిగులు, గంజి వేసి బొమ్మల పెళ్లికి వంట చేసేదాన్ని. ఆట అయిపోగానే అక్కడే వదిలేసి లేచిపోయేదాన్ని.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, వానాకాలం మొదట్లో మా తమ్ముడు సారయ్య పుట్టాడు. పుట్టిన వారానికే అవ్వకు జ్వరం పట్టుకుంది. పట్నం దవాఖానాలో పది రోజులుండి, ఎముకల గూడై తిరిగి వచ్చింది. ప్రాణమైతే దక్కింది కానీ పాలు ఎండిపోయాయి. డబ్బా పాలపొడి వాడికి పడలేదు. అప్పుడు ఇంటికి దిక్కయింది ఎర్రావు. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లటి బొట్టు, ఎవరు పిండినా కదలకుండా నిలబడే సాధువు. దాని దూడ అప్పటికే గడ్డి కొరుకుతోంది. అవ్వ మంచం మీద నుంచే దాని పొదుగు కడగమని నాకు పురమాయించేది. నేను నీళ్లు చల్లితే బాపు పిండేవాడు. ఆ పాలల్లో కాచిన నీళ్లు కలిపి, గుడ్డ వత్తిని ముంచి, చుక్క చుక్కగా సారయ్య నోట్లో పిండేవాళ్లం. వాడు రెండు పిడికిళ్లూ బిగించి, కళ్లు మూసుకుని చప్పరించేవాడు.

ఒక మధ్యాహ్నం నేను కొట్టు వెనక ఆడుకుంటుంటే, నా బొమ్మల వంట దగ్గరికి ఎర్రావు వచ్చింది. గంజి, ఉప్పు, నూనె వాసన తగిలిన జిల్లీని నాలుకతో చుట్టి నోట్లోకి లాక్కుంది. నేను చివర పట్టుకుని గుంజాను. సగం చిరిగి నా చేతికి వచ్చింది, మిగతా సగం దాని గొంతు దిగిపోయింది. అది తల ఊపి ఇంకోదాని కోసం మూతి చాపింది. నాకు నవ్వొచ్చింది. కొట్టు సరుకుతో ఆడుకుంటున్నందుకు బాపు తిడతాడన్న భయం కూడా వేసింది. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఎర్రావు నెమరు వేయడం మానేసింది. కుడితి ముట్టలేదు. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. బాపు నువ్వులనూనె తాగించాడు, వాము దంచి పట్టించాడు, గూడెం నుంచి ఎవరో వేరు తెచ్చి నూరి పోశారు. మూడో రోజు పట్నం నుంచి పశువుల కాంపౌండరు వచ్చి, డొక్క మీద గుద్ది చూసి, చెయ్యి కడుక్కుంటూ హిందీలో అన్నాడు: "దీని కడుపులో జిల్లీ ఉంది భయ్యా. ఇగ ఏమీ చేయలేం." ఆ సాయంత్రం గాలీవానలో, నాలుక బయటికి వేలాడేసి, ఎర్రావు పోయింది.

మర్నాడు పాతిపెట్టే ముందు, తన మాట బాపు నమ్మడం లేదనుకున్నాడో ఏమో, గాలీవానకు ఊళ్లోనే ఆగిపోయిన కాంపౌండరు దాని కడుపు కోయించాడు. ఆడపిల్లలు చూడకూడదన్నారు. నేను కంచె సందు నుంచి చూశాను. నీళ్ల కుండంత ముద్ద, జిల్లీలు, తాళ్లు, గడ్డిపోచలు పెనవేసుకుని గట్టిపడిన ముద్ద బయటికి వచ్చింది. బాపు దాని ముందు గొంతుక్కూర్చుని, ఒక కొసను పట్టి విప్పాడు. కడుపులో ఎన్నాళ్లున్నా పసుపుపచ్చని పొద్దుతిరుగుడు పువ్వు ఏమాత్రం వెలిసిపోలేదు. అది ఎవరి కొట్టుదో చెప్పాల్సిన పనిలేదు. ఆ చుట్టుపక్కల ఆ నూనె అమ్మేది ఆయనొక్కడే. బాపు ఆ ముక్కను మోకాలి మీద పరిచి, చేత్తో నిమిరి చదును చేశాడు.

తర్వాతి రోజు పొద్దున ఒక గోనెసంచి తీసుకుని బయల్దేరాడు. కంచె వెంట, చేదబావి దగ్గర, బడి వెనక, గూడెం దారిలో, వంగి వంగి ఒక్కో జిల్లీ ఏరుతూ వెళ్లాడు. సంచి నోరు తెరిచి పట్టుకోవడానికి నేను వెంట నడిచాను. సగం నిండాక ఇక మోయలేకపోయాను, సంచిని కాదు.

"నేను సూసిన బాపూ. ఎర్రావు జిల్లీ తింటాంటే సూసిన. గుంజిన, రాలే. నీకు జెప్పలే."

ఆయన నడుము ఎత్తి నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను.

"నువ్వు సూసినవ్ బిడ్డా. పారేసింది నేను" అన్నాడు. మళ్లీ వంగి, "సంచి సక్కగ పట్టు" అన్నాడు.

ఆ సంచుల్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. గుంత తీసి పూడిస్తే వాన కడిగి పైకి తెచ్చింది. కాల్చబోతే నల్లటి పొగకు అవ్వ దగ్గి దగ్గి సొమ్మసిల్లింది. పాత ఇనుము కొనేవాడు వీటిని తీసుకోనన్నాడు. చివరికి మూతులు కుట్టి అటక ఎక్కించాడు.

ఊళ్లో ఇంకో పాడి ఆవు లేదు, ఉన్న రెండు బర్రెలూ వట్టిపోయి ఉన్నాయి. పొద్దుటి బస్సులో పట్నానికి పాల ప్యాకెట్లు దిగుతాయని తెలిసి, బాపు రోజూ సైకిలు మీద వెళ్లి రెండు తెచ్చేవాడు. ఎర్రావును చంపిన జిల్లీలోనే మా తమ్ముడి ప్రాణం ఇంటికి వచ్చేది. అవ్వ ఆ ప్యాకెట్టును మొదటిసారి చేత్తో పట్టుకోలేక, చాటలో పెట్టమంది. రెండో రోజుకు పట్టుకుంది. పసివాడు ఏడుస్తుంటే ఇంకేం చేస్తుంది?

శ్రావణంలో వాగు పొంగింది. పొద్దున పాలకు వెళ్లిన బాపు మధ్యాహ్నానికి అవతలి గట్టున కనిపించాడు, తలగుడ్డలో ప్యాకెట్లు కట్టి భుజాన వేసుకుని. మా మధ్య ఎర్రటి నీళ్లు చెట్లను పెకలించుకుని పోతున్నాయి. ఆయన ఏదో అరుస్తున్నాడు, నేనూ అరుస్తున్నాను, వాగు హోరులో ఒక్క ముక్క వినపడలేదు. ఆయన ప్యాకెట్లను పైకెత్తి చూపించి, మళ్లీ భుజాన వేసుకుని, అక్కడే రాతి మీద కూర్చుండిపోయాడు. ఇంట్లో గంజి పోస్తే సారయ్య ఉమ్మేశాడు. మేకపాలు పోస్తే కక్కేశాడు. మర్నాడు పొద్దునకు వాడి ఏడుపు పిల్లికూన మూలుగంత సన్నగా అయిపోయింది. అవ్వ నన్ను గూడేనికి తరిమింది.

ఐతక్క గుమ్మంలో మొక్కజొన్న ఒలుస్తోంది. నేను రొప్పుతూ, వాళ్ల ఆవు పాలు ఒక చెంబు ఇమ్మని అడిగాను.

"మేం ఆవుల్ని పిండం గద బిడ్డా. లేగ పాలు లేగకే" అంది. నా ముఖం చూసి చేతిలోని కంకి కింద పెట్టింది. "ఎందుకు? పోరడు ఎట్లున్నడు?"

చెప్పాను. ఆమె లోపలికి తిరిగి దోర్లీలో ఏదో అంది. ఆమె కోడలు జోగమ్మ బయటికి వచ్చింది. మూడు నెలల తన కొడుకు గంగయ్యను చంకన కట్టుకుని ఉంది. వానలో, బురదలో, నాకంటే ముందు నడిచింది.

మా గుమ్మం దగ్గర మాత్రం ఆగింది. అప్పటిదాకా గూడెంవాళ్లు మా కొట్టు గది దాటి లోపలికి వచ్చింది లేదు. మంచం మీద అవ్వ లేచి కూర్చుంది. ఎవరేమంటారోనన్న భయం ఆమె ముఖంలో ఒక్క క్షణం కనిపించిందని నాకిప్పుడు తెలుస్తోంది. మరుక్షణమే చేతులు చాచింది.

"రా అక్కా, లోపటికి రా. నీ కాళ్లు మొక్కుత."

"మొక్కుడెందుకు, పిల్లగాన్ని ఇయ్యి" అంది జోగమ్మ. గోడకు ఆనుకుని కూర్చుని, ఒక పక్క గంగయ్యను, ఇంకో పక్క సారయ్యను పట్టుకుంది. కాసేపటికి గదిలో వాన చప్పుడు, ఇద్దరు పసివాళ్లు మింగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. జోగమ్మ అయిదు రోజులు వచ్చింది, పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకే ముందు.

ఆరో రోజు నీళ్లు ఛాతీ లోతుకు తగ్గాయి. బాపు మూటను తల మీద పెట్టుకుని వాగు దాటి, తడిసిన బట్టలతో పరుగున వచ్చాడు. రోజూ పట్నం వెళ్లి తెచ్చిన ప్యాకెట్లలో పాతవి పాలు పులిసి బంతుల్లా ఉబ్బి ఉన్నాయి. గది మధ్యలో జోగమ్మ ఒడిలో సారయ్య నిద్రపోతున్నాడు. పక్కన ఐతక్క కూర్చుని ఉంది. బాపు మూటతో అలాగే నిలబడిపోయాడు.

"సల్లవడు కొడుకా, కూసో. నీ పోరని కడుపు నిండింది" అంది ఐతక్క.

బాపు గడప మీద కూలబడ్డాడు. మా బాపు ఏడవగా చూడటం నాకదే మొదలు. తేరుకున్నాక ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "అవ్వా, ఈ ఏడు గింజలు పట్టుకొస్త. మా ఇంటికి ఇగ నీ నూనెనే."

"దుంగలు పోయిన చలికాలమే పొయ్యిల వెట్టిన గద" అంది ఐతక్క మెల్లగా. "ఎవ్వలూ రాకపాయె. చెదలు వడుతున్నయని వెట్టిన."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాపుకు కాస్త తేలికయ్యేదేమో.

ఆ తర్వాత కూడా బాపు నూనె ప్యాకెట్లే అమ్మాడు, ఇంకో దారి లేదు. కానీ ఎవరికీ జిల్లీ చేతికివ్వలేదు. తానే కత్తిరించి సీసాలో పోసి, ఖాళీది తన దగ్గరే ఉంచుకునేవాడు. కత్తిరిస్తే కల్తీ చేస్తాడని అనుమానించి కొందరు పట్నంలోనే కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆయన పద్ధతి మార్చుకోలేదు. ఆయన పోయాక అటక దించితే పాత గోనెసంచులు చివికి రాలిపోయాయి, లోపలి జిల్లీలు మాత్రం నిన్న పెట్టినట్టున్నాయి. వాటిని బండి మీద జగ్దల్‌పూర్ తెచ్చి, ప్లాస్టిక్ కొనేవాడిని వెతికి, బతిమాలి అప్పగించాం.

ఇప్పుడు మా వాగు మీద వంతెన ఉంది. మూడు కొట్లున్నాయి. నీళ్లు, షాంపూ, అల్లంవెల్లుల్లి ముద్ద, చిన్నపిల్లల జావ, అన్నీ జిల్లీల్లోనే వేలాడుతుంటాయి. సొరకాయ బుర్రను నూనెకు వాడటం తెలిసినవాళ్లు ఒకరో ఇద్దరో మిగిలారు. ఇప్పనూనె వాసన ఎలా ఉంటుందో నా కూతురికి చెప్పబోయి, మాటలు దొరక్క మానేశాను. మా పశువుల కొట్టంలో మోటారు సైకిలు పెడుతున్నారు.

మొన్న ఎండాకాలంలో జోగమ్మ చనిపోయింది. నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో పనిచేసే సారయ్య, కబురు అందగానే సెలవు పెట్టి వచ్చాడు, నేనూ వెళ్లాను. గూడెం నిండా బంధువులు, డోళ్లు, సన్నటి ఏడుపు పాటలు. పాడె లేపే వేళ సారయ్య వెనకగా, చెప్పులు విప్పి, ఎటు నిలబడాలో తెలియక నిలబడ్డాడు. పొరుగూరి పెద్ద ఒకాయన వాణ్ని ఎగాదిగా చూసి, "ఈ పట్నపాయన ఎవలు? మనోడు కాడే" అని అడిగాడు.

ముందువైపు కర్ర పట్టుకున్న గంగయ్య తల తిప్పాడు. "మా తమ్ముడే" అన్నాడు. "ఇట్ల రానియ్యుండ్రి, ముందల కర్ర పడతడు."

మనుషులు పక్కకు జరిగి దారిచ్చారు. సారయ్య వెళ్లి భుజం పెట్టాడు.